రెండో గడి

ఫెరోల్ రేవు మీద వాన వెలిసి అరగంట కాలేదు.
ఐదో అంతస్తు పైన, నల్ల పలకల కప్పు మీద
మోకాళ్ళతో పాకుతూ వచ్చాను.
చేతిలో కర్ర, కర్ర కొసన తెల్లటి బంతి.
కింద వీధిలో ఒక పిల్లాడు దాన్ని ఐస్‌క్రీమ్ అనుకున్నాడు.

ఇక్కడ నాలుగు పొగగొట్టాలున్నాయి.
మూడు ఇటుకవి.
నాలుగోది ఇటుకరంగు పూసిన ఫైబర్.
ఎవరో ఓపికమంతుడు పగుళ్ళు కూడా గీశాడు,
ఒక మూల కాస్త నాచు కూడా.
లోపల మూడు యాంటెన్నాలు
వీధి మాటలన్నీ మోస్తూ నిలబడ్డాయి.
పాత వీధి అందం చెడకూడదని
దాచమన్నది పురపాలక సంఘమే.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
పొగ లేదు కాబట్టి నిప్పూ లేదనుకుంటే?

బ్రెయ్‌షో దానికే వీపు ఆనించి కూర్చున్నాడు.
పగిలిన పలకలు మార్చే పని, ఇవాళ్టికి తొమ్మిదో రోజు.
మోకాలి మీద రొట్టె, పక్కన సార్డీన్ చేపల డబ్బా.
"మసి లేదని మొదటి రోజే చూశాను.
ఉత్తుత్తి గొట్టం. అయితే ఏం?
గాలికి ఇదొక్కటే చాటు."

లేవమన్నాను.
అతని వీపు ఉన్న చోట బంతి పెట్టాను.
ఆరు నిమిషాలు. ప్రమాణం అడిగేది
ఆరు నిమిషాల సగటు.
జ్వరం వచ్చిన పిల్లాడు
థర్మామీటరు చదివే తల్లి మొహం చూసినట్టు
నా మొహమే చూస్తూ నిలబడ్డాడు.
చప్పుడు లేదు, వాసన లేదు.
సముద్రపు కాకి ఒకటి గొట్టం మీద వాలింది, లేచింది,
మళ్ళీ వాలింది.

అరవై రెండు.

అరవై రెండు శాతం, మొదటి గడిలో.
మొదటి గడి తెలిసిన పనివాళ్ళది:
శిక్షణ ఉన్నవాళ్ళు, ఎప్పుడు పక్కకి తప్పుకోవాలో ఎరిగినవాళ్ళు.
రెండో గడి జనానిది.
కిటికీ తీసేవాళ్ళది, బట్టలారేసేవాళ్ళది,
ఎవరూ ఏమీ చెప్పనివాళ్ళది.
అక్కడ హద్దు ఐదో వంతే.
అదే చోటు, అదే వీపు:
మూడువందల పది.

మాడ్రిడ్ నుంచి కంపెనీ మనిషి ఫోన్లో,
"పని చేస్తున్నాడు కదా, పనివాడే కదా?
మొదటి గడిలో వేసేయండి. హద్దులోనే ఉంది."
ఆ మాట కూడా ఈ గొట్టంలోంచే
దిగి వచ్చి ఉంటుంది.

పద్దెనిమిదేళ్ళుగా కొలుస్తున్నాను.
వోల్టులు, వాట్లు, గోడకీ మనిషికీ మధ్య దూరాలు.
తెలియకపోవడానికి అంకె వేసింది
ఇదొక్క చోటే చూశాను.
ఐదు.

రెండో గడిలో రాశాను.

"నాకేమైనా అవుతుందా?"
హద్దుకీ హానికీ మధ్య
కావాలనే చాలా జాగా వదిలారని చెప్పాను.
ఒంటికి తగిలేది వేడి, ఒళ్ళే దాన్ని చల్లార్చుకుంటుందని చెప్పాను.
ఏమీ కాదు అనే రెండు మాటలు మాత్రం
నా నోటితో అనలేదు.
అతనూ గమనించాడు.

రెండు మీటర్ల నలభై దగ్గర పసుపు గీత గీశాను.
గీతకి అవతల ఇంకా పదకొండు పలకలున్నాయి మార్చడానికి.
మాడ్రిడ్ వాళ్ళు ఇరవై నిమిషాలు ఆపుతామన్నారు, రేపు పదకొండింటికి.
పలక మీదే సుద్దతో బొమ్మ వేసి
అన్నీ చెప్పాను, గంటసేపు.
కాగితం మీద సంతకం పెట్టాడు,
వేలిగోటి కింద సార్డీన్ నూనెతో.

సంతకం ఆరేలోపు
చట్టం అతని హద్దుని ఐదింతలు పెంచేసింది.
ఆ కాగితంతో అతను మొదటి గడిలోకి మారాడు.
వీపు అదే.

"మరి రొట్టె ఎక్కడ తినను?"
దానికి నా ఫారంలో గడి లేదు.
తూర్పు వైపు ఇటుక గొట్టం చూపించాను.
"అక్కడంతా గాలే," అన్నాడు,
డబ్బా మూత నొక్కి, జేబులో పెట్టుకుని
అటే నడిచాడు.