గ్రేడు కట్టని ఆకు

ఒంగోలులో మూడు రోజుల శిక్షణ.
తిరిగొచ్చేప్పుడు చేతిలో చుట్ట చుట్టిన చార్టు:
నాలుగు గళ్లు, మధ్యలో బాణాలు.
వెతకడం. తూచడం. వాడడం. పంచడం.
పైన పెద్దక్షరాల్లో ‘సమాచార అక్షరాస్యత’.
టంగుటూరు శాఖా గ్రంథాలయంలో
ఫ్యాను గాలికి అది పడి లేస్తుంటే
మూలమూలకీ మేకు కొట్టాను.
ఇక ఊరిని గళ్లలో నింపడమే తరువాయి.

మాలకొండయ్య పేపరంతా చదువుతాడు,
టెండరు ప్రకటనలతో సహా.
ఏదీ నమ్మడు.
వాన పడిందన్న వార్తని
తడిసిన గొడుగు చంకలో పెట్టుకునే కొట్టిపారేస్తాడు.
‘తూచడం’లో రాశాను ఆయన పేరు.
మర్నాడు కొట్టేశాను.
అన్నిటినీ తోసేసేవాడు
తక్కెడ ఎప్పుడు పట్టుకున్నట్టు?

ఖాజాబీ కొడుక్కి ఏదైనా చిటికెలో దొరుకుద్ది ఫోన్లో.
నిజమేనా అంటే
‘అన్నిటికంటే పైన అదే వచ్చింది సార్’ అంటాడు.
వాడికి సగం గడి.

మస్తానమ్మకి గడే లేదు.
పొద్దు గూకేవేళ గ్రేడింగు షెడ్డు నుంచి
దగ్గుకుంటూ వస్తుంది మనవరాలి కోసం.
గోళ్లలో పొగాకు జిగురు,
గుమ్మం దాటి లోపలికి రాదు.
పుస్తకాలకి ఘాటు అంటుద్దని.

ఏప్రిల్లో ఒక రాత్రి
ఊళ్లో ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి.
‘సోమవారం నుంచి వేలం బంద్.
కంపెనీలు కొనవు. అందరికీ పంపండి.’
కింద గుండ్రటి ముద్ర, ఎవరిదో సంతకం.
తెల్లారేసరికి బ్యారన్ల ముందు లారీ.
కిలోకి అరవై తక్కువ. డబ్బు మాత్రం చేతిలో.
డిగ్రీలున్న చేతులే ముందు బేళ్లెత్తాయి.

పెంచలయ్య బేలు మీద చెయ్యేస్తే
మస్తానమ్మ ఆ చెయ్యి పట్టుకుందట.
‘ముఖం చూసి ధర కట్టబాక అబ్బాయా.
ఆకుని వెనక్కి తిప్పు. ఈనె తడుము.
వాసన చూడు, ఏ మండెలో మగ్గిందో చెబుద్ది.
ఈ మాట ఎవురి మండెలోది?
లారీ ముందొచ్చిందా, మాట ముందొచ్చిందా?
రాత్రి తొమ్మిదికి మాట పుడితే
తెల్లారే లారీకి డీజిలు ఎప్పుడు కొట్టించారంట?’

సోమవారం వేలం జరిగింది.

నేను చార్టు దగ్గరికి పరిగెత్తాను.
నాలుగు గళ్లకీ అడ్డంగా రాశాను ఆమె పేరు,
ఏదో కనిపెట్టినవాడిలా.
ఆ సాయంత్రమే
ఆమె కొంగు ముడి విప్పి
మడతల దగ్గర చిరిగిన కాయితం చాపింది.
‘చదివి పెట్టు.’
పొదుపు గ్రూపు అప్పు. ఆమె తీసుకోనిది.
కింద ఆమె బొటనవేలు, నీలంగా, తేటగా.
మూడేళ్లు కొంగులోనే ఉంది.
‘తిప్పి కూడా చూశా అబ్బాయా,’ అంది,
‘వెనక తెల్లగా ఉండాది.’

నాకు మాట రాలేదు.
అప్పటికే గొంతులో ఇంకోటి అడ్డం పడి ఉంది.
ఇక్కడైనా చెప్పాలి:
ఆ రాత్రి ఆ మాటని నేనూ పంపాను.
తొమ్మిదీ నలభైకి, మూడు గ్రూపులకి,
మేకుల కింద సున్నం ఇంకా రాలుతుండగానే.
ముద్ర ఉంది కదా అనుకున్నాను.
ముద్ర వెనక వేలెవరిదని అడగలేదు.
ఊరందరి పేర్లూ రాసినవాణ్ణి
‘పంచడం’లో నా పేరు రాసుకోలేదు.

చార్టు చించలేదు. తప్పు దానిది కాదు.
షెడ్డులోనూ గ్రేడులుంటాయి,
అవి లేకపోతే ఆకంతా ఒకటే కుప్ప.
కాకపోతే అక్కడ
ఏ గ్రేడులోకీ రాని ఆకుని
మస్తానమ్మ పారెయ్యదు,
ఒళ్లో పెట్టుకుంటుంది, వెలుతురున్నప్పుడు మళ్లీ చూద్దామని.

మేకులు పీకి చార్టుని తిప్పి కొట్టాను.
మొదటిసారి ఆమె గుమ్మం దాటింది.
‘అ’తో మొదలెడదామా అన్నాను, సుద్దముక్క వెతుక్కుంటూ.
‘వరసలొద్దులే.
అప్పు అని ఎట్టా రాస్తారో ముందు అది చూపీ.
ఈసారి కాయితంలో యాడ దాక్కున్నా
ఏరి పక్కన పెడతా.’