ఉప్పుకు వినపడదు

మొబ్బులో నాలుగింటికి పొయ్యి మీద బాన పెడతా.
రాగిపిండి, నూకలు,
బంగారుపాళ్యం ఖాదర్‌బాషా అంగడి నుంచి
కోడి మెడలూ కాళ్లూ.
ఉప్పు మాత్రం వెయ్యను.
"ఉప్పుకు ఉప్పు లేని సంగటా!" అని
మా ఆడబిడ్డ దేశమ్మ నవ్వతాది.

ఏడు రాజపాళ్యం కుక్కలు.
సున్నం, పేలాలు, ముగ్గు, జున్ను,
దూది, గవ్వ, కడాకు ఉప్పు.
నిలబడితే నా నడుము దాటే ఎత్తు.
ముక్కులు మాత్రం
అప్పుడే పుట్టిన బిడ్డ అరికాలి రంగు.
ఎండ పడదు వాటికి.
మధ్యాహ్నం కొబ్బరినూనె గిన్నె పట్టుకొని కూర్చుంటా,
తోసుకుంటా వొస్తాయి,
పూసింది పూసినట్టే నాకేస్తాయి,
మళ్లీ పూస్తా.

మంచం సున్నానిది. గడప గవ్వది.
మునిరత్నం ట్రాక్టరు సీటు మీద కునుకు తీస్తాడు,
అదీ జున్ను దిగినప్పుడు.
చుట్టాలు గేటు బయట నుంచే
పెండ్లి పత్రిక విసిరేసి పోతారు.

ఉప్పును కొనలేదు.
రాజపాళ్యంలో పిల్లల్ని అమ్మే పెద్దాయన
సత్తు గిన్నె నేలకేసి కొట్టినాడు.
అయిదు తలలు తిరిగినాయి.
తిరగని తలను కాలితో పక్కకు జరిపి
మాపటికి బావిలో వేసెయ్ అన్నాడు కొడుకుతో,
తమిళంలో.
చిత్తూరు దాన్ని కదా, నాకు తమిళం అర్థమైంది,
అదే నా ఖర్మ.
కొంగులో చుట్టుకొని బస్సెక్కినా.

దాన్ని పిలవాలంటే నేలను తన్నాల.
ఒక తన్ను: రా.
రెండు: బువ్వ.
మూడు: బండలు తుడిచినా, తొక్కితే చంపుతా.
నిద్రలో ముట్టుకుంటే ఉలిక్కిపడి కరుస్తాది.
నా ఎడమ మణికట్టు మీద నాలుగు చుక్కలు,
తప్పు నాదే.
ముందు మూతి దగ్గర చెయ్యి పెట్టి
వాసన చూడనియ్యాల.
అప్పుడు కండ్లు తెరిచి
నేనెవరో కొత్తగా ఊర్లోకి వొచ్చినట్టు చూస్తాది,
తోక తర్వాత కదుల్తాది.

పోయినేడు తోతాపురి కోతలకు రెండు దినాల ముందు
కౌండిన్య అడివి నుంచి ఏనుగు దిగింది.
అంత మానుకు అడుగు చప్పుడే ఉండదు.
ఆరు కుక్కలూ నిద్రలోనే ఉండాయి.
ఉప్పు లేచింది.
బండల మీద పొట్ట ఆనించి పండుకుంటాది,
ఆ పొట్టలో ఏం మోగిందో.
నా మంచం కాడికి వొచ్చి
ముందుకాలితో నేలను తన్నింది.
ఒకసారి.

ఏడింటినీ లోపలికి తోసి గడియ పెట్టినా.
కుక్క మొరిగితే ఏనుగుకు రోషం జాస్తి.
సున్నం మూతి ఒక చేత్తో, ముగ్గు మూతి ఒక చేత్తో,
పేలాల మీద కాలు.
మునిరత్నం దుప్పట్లో దూరి
ఫారెస్టోళ్లకు గుసగుసగా ఫోను.
బయట కొమ్మ విరిగితే నా పక్కటెముక విరిగినట్టే.
డ్రిప్పు పైపు పోయింది. పనసచెట్టు పోయింది.
కొత్త అంట్లు ఎన్ని పోయినాయో
తెల్లారేదాకా లెక్కపెట్టుకుంటా కూర్చున్నా.

పక్క తోట గజేంద్ర వొచ్చి
"ఏడు కుక్కలుండి ఏం లాభం వదినా,
ఒక్కటన్నా మొరగలేదే!" అన్నాడు.
ఆయనకు ఏం చెప్పేది.
ఏనుగడుగులో నిలిచిన పైపు నీళ్లు
దూది గతగతా తాగతా ఉండింది.

అలవాటు నాకే అంటుకుంది.
గుజ్జు ఫ్యాక్టరీలో మిషన్ల మోతకు
సూపర్‌వైజరు అరిచేది వినపడదు,
లారీ వొచ్చేది మాత్రం చెప్పుల్లో తెలస్తాది.
మొన్న పలమనేరు బస్టాండులో
మునిరత్నం వేరే బస్సెక్కతా ఉంటే
పేరు పెట్టి పిలవడం మరిచిపోయి
నేలను తన్నినా.
జనమంతా నన్నే చూసినారు.
మునిరత్నం మెట్టు దిగి వొచ్చినాడు.