మూడడుగుల ఏడంగుళాలు

బీసెంటు రోడ్డులో సెల్ కవర్ల కొట్టు పైన,
ఒకరు దిగితేగాని ఇంకొకరు ఎక్కలేని మెట్లు.
పైన ఆ కుర్రాడి గది.
గోడ నిండా పులులు, రెక్కలు, గులాబీలు,
ఎవరెవరి అమ్మల పేర్లో మెలికలు తిరిగి.
ఆల్బమ్ నా ఒళ్ళో పెట్టాడు.
"మొదటిసారా ఆంటీ? సీతాకోకచిలుక వేయించుకోండి, బాగుంటుంది."

గీత కావాలన్నాను.
ఒక్క గీత. అడ్డంగా, చెయ్యి చుట్టూ.

నవ్వలేదు. అది నచ్చింది.
"గీతే కష్టం ఆంటీ.
పులి మీసం వంకరైతే పులిదే అనుకుంటారు,
గీత వంకరైతే నాదంటారు."

పచ్చబొట్టు మాట వినగానే
మా మరిది, చర్చిలో పెద్ద,
శరీరం దేవుని ఆలయం వదినా అన్నాడు.
ఆలయంలో బురదనీళ్లు నిలిచిన నాలుగు రోజులూ
ఆయన గుణదలలో రెండో అంతస్తులో ఉన్నాడు.
నేనేమీ అనలేదు.
మా షారోను తన పేరు వేయించుకోమంది.
నీ పేరుకి నా నోరుంది కదే అన్నాను.

సింగ్‌నగర్‌కి బుడమేరు తెల్లారకముందే వచ్చింది.
తలుపు కొట్టలేదు.
గడప కింద నుంచి దూరి, ముందు చెప్పుల్ని తేల్చింది,
తర్వాత గ్యాసు బండని,
తర్వాత మేం లెక్కపెట్టడం మానేశాం.

నష్టం రాసుకోవడానికి వచ్చినతను
ఎంత లోతమ్మా అన్నాడు.
గోడ చూపిద్దామంటే అప్పటికే
ఓనరు నీలం రంగు కొట్టించేశాడు.
నా మీదే చూపించాను, ఇదిగో, ఇక్కడిదాకా.
తలెత్తకుండా
మూడడుగులు అని రాసుకుని పక్కింటికి పోయాడు.

ఆ మిగతా అంగుళాలు
అప్పట్నుంచీ నాకు దురద.

మా ఆయన యేసోబు తాపీమేస్త్రి.
ఒకనాడు బీరువా జరిపాడు.
రంగులేసినవాడు బీరువా వెనక బద్ధకించాడు,
గీత అక్కడే ఉంది,
టీ గ్లాసులో ఎండిన వారలా.
టేపు పెట్టి, రెండుసార్లు పెట్టి,
మూడడుగుల ఏడు అన్నాడు.

ఇవాళ ఆయనే భుజాన మట్టం పైపు చుట్ట వేసుకొచ్చాడు.
కుర్రాడు బిత్తరపోయాడు.
"కంటితో కాదు బాబూ, మట్టం నీళ్లతో చూడాలి.
ఆ చివర పట్టుకో."
నేను చెప్పులు విప్పి నిలబడ్డాను.
ఆ రోజూ చెప్పుల్లేవు.
పైపులో నీళ్లు ఊగి, ఊగి,
మోచేతి పైన బెత్తెడు దూరంలో ఆగాయి.

"రెండు చేతులకా ఆంటీ?"

ఎడమదానికే.
కుడిచెయ్యి ఆ పొద్దున పైకుంది.
నెత్తి మీద ఎర్ర ప్లాస్టిక్ టబ్బు,
టబ్బులో గౌసియా కొడుకు,
ఇరవై రెండు రోజులవాడు,
వెనకాల నా కొంగు పట్టుకుని, పచ్చి కుట్లతో, గౌసియా.
వాడు ఏడవలేదు.
ఏడవరా, ఒక్కసారి ఏడవరా అనుకుంటూ
ఎడంచేత్తో నీళ్ల కింద గోడలు తడుముకుంటూ
ఫ్లైఓవర్ దాకా.
కుడిచెయ్యి తడవనే లేదు.
దానికేం రాస్తావు?

కుర్రాడు మళ్ళీ మాట్లాడలేదు.
చీమల బారు చెయ్యి చుట్టూ తిరిగొచ్చినట్టు
సూది తిరిగొచ్చింది.
డబ్బుల దగ్గర మాత్రం యేసోబు ఊరుకోలేదు,
"అడుగు లెక్కన గోడ కట్టేవాణ్ణి,
అంగుళానికి అయిదొందలా?"
చివరికి నాలుగొందలకి తెగింది.

పొట్టు రాలి, గీత తేరింది.
జాకెట్టు చేతులు రెండంగుళాలు తగ్గించమని
టైలరుకి చెప్పాను.

గౌసియా కొడుకు జునైద్‌కి రెండేళ్లు నిండాయి.
సాయంత్రం వాడొస్తే
చెప్పులు విప్పి పక్కన నిలబెట్టుకుంటాను.
గీతకీ వాడి నెత్తికీ మధ్య
ఇంకా జానెడుంది.

అటు నుంచి గౌసియా పళ్ళెంతో వస్తుంది,
ఇంకొక్క ముద్ద, ఇంకొక్కటే, అంటూ.