సున్నం బొట్టు పెట్టిన గింజ

ధర్మాబాదు టేషను బయట
మిర్చి ఘాటుకు నా టికెట్లు గూడ తుమ్ముతయి.
రేకు డబ్బా, రెండు తాళాలు, క్లిప్పులకు యాలాడే అంకెలు.
ఇరవై రెండేండ్ల సంది ఇదే నా సేను.
దున్నిందేం లేదు, పంటంటే కమీషనే.

నవీపేట భోజన్న బేస్తారం పాసింజరుకు దిగుతడు.
బ్రిడ్జి మీద గోదారి తల్లికి ఓ రూపాయి ఏస్తడు,
దిగినంక నాకో ఇరవై.
ఆమెను ఎన్నడన్న లెక్క అడిగిండా?
నన్ను మాత్రం వారం వారం అడుగుతడు:
"దగ్గరికొచ్చిందా శేటూ?"

వచ్చిందనే అంటుంటి మొదట్ల.
ఆఖరి అంకె ఒక్కటి తప్పిననాడు
ఆయన మొఖం సూడాలె,
బస్సు పోయినోని లెక్క లేదు,
ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టినోని లెక్కుంది.
"ఏడుకు ఎనిమిది! పక్కిల్లే గదా!"
ఇంకో ఐదు చింపిచ్చిన ఆ రోజు.
ఆ పాపం నాదే.

పక్కిల్లు కాదు భోజన్నా.
ఆ డ్రమ్ముల ఇండ్లుండయి, గల్లీలుండయి.
ఏడుకు ఎనిమిదెంత దూరమో
సున్న గూడ అంతే దూరం.
పోయిన వారం ఓడినవని దానికి యాదుండదు,
నీ బిడ్డ పుట్టిన తారీఖు దానికెర్కలేదు.

యార్డుల తొడిమెలు తీసే నర్సుబాయి ఎన్నడు కొనలే.
మంట పుట్టే సేతులను నా బిందెల ముంచి
చాయ్ చల్లారేదాక కూసుంటది.
"మొదటి బహుమానం ఎవలిస్తరు బాపూ?"
సర్కారంటి.
"సర్కారుకెవలిస్తరు?"
గీ భోజన్ననే అంటి.
"నూరుమంది నూరిస్తే, నూర్లన్ని మల్లొస్తయా?"
యాడొస్తయవ్వా. అచ్చేసినోడు, మోసినోడు, నేను, సర్కారు...
తొడిమెలు తీసినంక తూకమెంతుంటదో
గంతనే పంచేది.
ఆమె లారీ దిక్కు సూసింది.
"గా మిర్చిల ఒక్క గింజకు సున్నం బొట్టు పెట్టి కలిపి,
కండ్లు మూసుకొని అదే తియ్యాలె, గంతేనా?"
గంతే.
"రెండుసార్లు సెయ్యి పెడ్తే?"
నేను నోరు తెరవకముందే తనే అన్నది:
"రెండుసార్లు మండుతది."

మొన్న ఎండకాలం భోజన్నకు ఫోనొచ్చింది.
ఇరవై ఐదు లక్షలు తగిలినయట.
ఆ వారం జరమొచ్చి ఆయన రానేలే, టికెటు కొననేలే.
అది గూడ యాది మర్షిండు.
ముందుగాల టాక్సు కట్టాలన్నరట, సారూ అన్నరట.
ఆయనను సారూ అని పిలిషినోళ్లు
పుట్టినకాడినుంచి వాళ్లే మొదలు.
రెండు మేకలు అమ్మి పంపినంక
ఫోను పట్టుకొని నా కాడికొచ్చిండు.

కొనని టికెటుకు బహుమానం యాడుంటదే?
ఇచ్చెటోడు పట్టుకొని ఇస్తడు గని
ఎదురు పైసలు అడుగుతడా?
గీ ముక్క ఇరవై రెండేండ్లల
ఒక్క బేస్తారమన్న చెప్పకపోతిని.
మేకలు అప్పటికే ఎవలో కొట్టంల మేస్తున్నయి.

ఇప్పుడు ఎవలొచ్చినా టికెటుతోని మాటలిస్త:
ఎనక దస్తకత్ పెట్టు, చెమట జేబుల పెట్టకు,
ఫలితం నా నోట ఇనకు, సర్కారు కాయితంల సూడు,
తగిల్తే గడువుంటది, ఆగకు.
అప్పు తెచ్చి కొంటే నాకు చెప్పకు, నేనియ్య.
గిరాకులు ఇసుక్కుంటున్నరు.
పక్క డబ్బావోనికి బేరం పెరిగింది.

మల్ల బేస్తారం భోజన్న ఒచ్చిండు.
దగ్గరికొచ్చిందా అని అడగలే.
"ఒక్కటియ్యి. ఇది పోయిన పైసలే గదా?"
పోయినయే.
"గోదారికేసిన రూపాయి లెక్క."
అనుకో.
వంకర అక్షరాలతోని ఎనకకు పేరు రాసి
పెన్ను నాకిచ్చి పాసింజరు దిక్కు నడిషిండు.

నర్సుబాయి బిందెల సేతులు తీసి దులిపింది.
"వద్దనుకుంటనే అమ్ముతవు,
అమ్ముకుంటనే వద్దంటవు.
నీ తొడిమె తీసేదెవలు బాపూ?"

సాయంత్రం డ్రాకు
ఇంకా నలబై మిగిలినయి.