సీ అనే చీటీ

రాత్రిబడి పిల్లల కోసం చిన్న నిఘంటువు రాస్తున్నాను.
ఎస్ అక్షరం దాకా బాగానే నడిచింది,
సీ దగ్గర ఆగి నాలుగు రోజులు.
చూడు అని రాసేస్తే అరక్షణం పని.
రాసి, కొట్టేసి, మళ్ళీ అదే రాసి
చీటీ జేబులో పెట్టుకుని
మాధవాయిపాలెం రేవుకి నడిచాను.

పంటు అవతల సఖినేటిపల్లి ఒడ్డున ఉంది.
టీ కొట్టు పక్క అరుగు మీద సువార్తమ్మ
లేసు అల్లుతోంది.
రెండు కళ్ళలోనూ విరిగిన పాల తెలుపు.
ఆపరేషను చేసినా ఇంక రాదన్నారట భీమవరంలో.

"సీ అంటే సముద్రమే కదా బాబూ?
మా మనవడు అలాగే చెప్పాడు."
అది వేరే సీ. ఇది, చూడు.
"ఆయ్, అలాగా," అంది.
"దేంతో?"

పులుసులో ఉప్పు చూడమంటే వాళ్ళకి ఇంకో మాట ఉందన్నాను.
చేప మెత్తబడిందేమో వాసన చూడమంటే మరొకటి.
పిల్లదాని నుదురు కాలుతోందేమో చూడమంటే
దానికీ వేరే.
"మరి ఓసారి చెప్పి చూస్తాను, వింటే వింటాడు, అంటామే?"
దానికి ప్రయత్నం అని...
నా గొంతు నాకే పలచగా వినబడింది.
"అయ్యో, కళ్ళు పోయాక ఏం చేస్తారు వాళ్ళు, పాపం?"
ఎగతాళి కాదు.
నిజంగానే జాలిపడింది.

పెద్ద పుస్తకంలో ఒక సంగతి చదివాను, చెప్పాను:
ఆ మాటకి మొదట్లో
వెంబడించడం అని అర్థమట, బహుశా.
చూపుతో దేని వెనకాలో పోవడం.
బహుశా అన్నది రాసినవాడి మాటే.
"అయితే వాళ్ళూ ఒకప్పుడు మనలాగే నడిచినోళ్ళే,"
అంది, "నేను దారం ఎనకాల పోతన్నానే, అలాగ."

వేళ్ళు ఆగకుండా పోతూ పోతూ
ఒకచోట నిలిచాయి.
"ఇక్కడ కన్ను తప్పింది, చూశావా?"
కనబడలేదు.
కళ్ళద్దాలు తుడిచి పెట్టుకున్నాను,
లేసుని ఎండకి ఎత్తి పట్టాను,
అన్ని కన్నులూ ఒక్కలాగే ఉన్నాయి.
నా వేలు పట్టుకెళ్ళి
ఆ చోట ఆనించింది.

చూశాను.

కంట్లో ఉండేదీ చూపే,
ఒకరి వేలు పట్టి ఇంకొకరు చేసేదీ చూపడమే.
ఈ ఊళ్ళో పుట్టి, ఈ భాషలో తిట్లు తిని పెరిగి
నాకు ఇంతవరకూ తట్టలేదు.

"పంటు కదిలింది, చూడు," అంది.
అవతలికి చూస్తే నీళ్ళ మీద ఎండ, అంతే.
ఇంజను చప్పుడు నాదాకా రావడానికి
ఇంకా చాలాసేపు పట్టింది.

చీటీ మీద చూడు అనే ఉంచాను.
కింద చిన్న అక్షరాల్లో, దేంతో? అని.
పోలిశెట్టి మాస్టారు దాన్ని కొట్టేస్తారు, తెలుసు.
ప్రూఫులు చూసేది ఆయనే.