రెండో గడి

చచ్చినవాటిని లెక్క రాయడం నా ఉద్యోగం.
జుద్ చలి పశువుల్ని ఊడ్చేసి వెళ్లిన వారం
జావ్‌ఖాన్ కొండల్లో మోటార్‌సైకిల్ మీద
గుడారం గుడారానికీ తిరిగాను,
ఒకే గడి ఉన్న ఫారం పట్టుకుని.

డులంసురెన్ వాకిట్లో
బిగుసుకుపోయిన గొర్రెలు కట్టెల్లా పేర్చి ఉన్నాయి.
ఆమె ఏదీ దాచలేదు.
ఒక్కోదాని చెవి గుర్తు తడిమి
అందరూ వినేలా లెక్కపెట్టింది, రెండువందల పదకొండు.
నడుమ ఒకసారి గొంతు పూడుకుపోయింది.
పిడికెడు మంచు నోట్లో వేసుకుని
ఆగినచోటి నుంచే ఎత్తుకుంది.

చుట్టూ ఆరు కుటుంబాలు, నేలచూపులు.
పట్నం పోదామని కొందరు అప్పటికే మూటలు కట్టేశారు.

"రాశావా?"
"రాశాను."
"అయితే పక్కన ఇంకో గీత గియ్యి."

అంతా మన మంచికే అని ఆమె అనలేదు.
అననందుకేనేమో, తలలు లేచాయి.
"సంబూ, నీ దొడ్లో?"
"నాలుగు మేకలు."
"అవ్వా, నీకు?"
"ఒక ఒంటె. చూడిది. ఒకటిన్నర రాసుకో నాయనా."
ఎవరో నవ్వారు.
ఆ శీతాకాలంలో నేను విన్న మొదటి నవ్వు అది.

"అన్నీ ఒకే మంద. వంతులవారీగా మేపుదాం.
ఈ రాత్రి కాపలా నాది" అంటూ
అప్పుడే బూట్లు బిగించుకుంటోంది.
ఒక మూట ముడి విప్పిన చప్పుడైంది.
ఇంకో మూట విప్పలేదు, అదీ చూశాను.

ఆఫీసులో పెద్దాయన ఎర్రసిరాతో కొట్టేశాడు.
కొట్టేసినా కనిపిస్తూనే ఉంది
అంచున నా వంకర రాత: నలభై మూడున్నర.

ఇప్పుడు రోజూ బయల్దేరే ముందు
స్కేలు పెట్టి
ఫారాలన్నిటికీ రెండో గీత గీసుకుంటున్నాను.