సున్నా పాయింట్ మూడు

తెల్లారకముందే తూచాలి నీటి ఊపిరిని.
పగలైతే నాచు అబద్ధం చెబుతుంది,
ఎండ తాగి మీటరు ముందు
మంచి పిల్లలా నిలబడుతుంది.
తెల్లవారుజాము నాలుగున్నరకి ఎవరూ నటించరు.

ట్యాంక్‌బండ్ దీపాలు నీళ్లలో జిడ్డుగా సాగుతున్నాయి.
పోశాలు తెడ్డు ఆపి మూతికి తువ్వాల చుట్టుకున్నాడు.
"కుళ్లిన గుడ్ల కంపు మేడం. కింద ఎవడో మేల్కొన్నడు."

నిజమే. వాళ్లెప్పుడు పడుకున్నారు గనక.

తీగ వదిలాను.
పైన రెండు పాయింట్ ఒకటి.
మీటరు లోతున సున్నా పాయింట్ మూడు.
ఇంకా కిందికి
అంకె కాసేపు వణికి, సున్నా అయి కూర్చుంది.

ఆ సున్నా కింద పాత సముద్రం ఉంది.
కరిగిన ఇనుముతో పచ్చగా,
పాచి పట్టిన సీసాలా.
పీల్చడానికేమీ లేదు, పీల్చాలన్న కోరికా లేదు.
బతుకు మాత్రం ఉండేది.
గంధకం నమిలి, ఇనుము నాకి,
తొందర లేకుండా ఉండేది.

కంటికి ఆనని నీలాకుపచ్చ పోగు ఒకటి
ఎండనీ నీళ్లనీ కలిపి వండటం నేర్చింది.
వంటయ్యాక మిగిలిన పొగని బయటికి వదిలింది,
గిన్నెలు కడిగిన నీళ్లు
వాకిట్లో పారబోసినట్టు.
దానికి దానం తెలీదు. దయ అసలే తెలీదు.

ఆ పొగకి ప్రాణవాయువని పేరు పెట్టింది మనం.
అప్పుడున్నవాళ్లని అడిగితే వేరే పేరు చెప్పేవాళ్లు.

మొదట ఇనుము అడ్డం పడింది.
వచ్చిన ప్రతి గుక్కనీ పట్టుకుని
ఎర్రబడి అడుగుకి దిగింది.
కోట్ల ఏళ్లు సముద్రం నిండా తుప్పు వాన.
(ఈ పడవ గొలుసుదీ అదే పని.
పోయిన నెలే రంగేశాడు పోశాలు,
అయినా అరచేతికి ఎర్రగా అంటుతోంది.)

ఇనుము అయిపోయింది.
పొగ పైకి లేచింది.
తాకినవాళ్లు మాడారు.
కొందరు బురదలోకి పారిపోయారు,
ఇదిగో ఇలాంటి బురదలోకే, తర్వాత మన పేగుల్లోకి.
ఇప్పటికీ బయటికి రారు. మన్నించరు.
ఒకడు మాత్రం ఆ నిప్పుని తినడం మరిగాడు.
వాణ్ణి ఇంకొకడు మింగాడు.
అరగలేదు.
ఆ అరగనితనమే మనం.

తర్వాత వంద కోట్ల ఏళ్లు పెద్దగా ఏం జరగలేదు.
గాలి ఉండీ లేనట్టు,
కిరాయి ఇంట్లో మూడో అంతస్తుకెక్కే నల్లా నీళ్లలా.
చాలినంత వచ్చాక ఒళ్లు పెరిగింది,
ఒంటికి కన్ను, కన్ను వెనకే పన్ను,
పన్ను చూసి పరుగు.

"అటు చూడున్రి."
పోశాలు టార్చి వేశాడు.
చేపలు. వందలు.
నీటి తోలుని మూతులతో పొడుస్తున్నాయి,
ఒక్కో నోరు ఒక్కో సున్నా.
బురదలోకి వెనక్కి పోయే దారి
వీటికి ఎప్పుడో మూసుకుపోయింది.

అంకె వంక ఇలా చూడటం నాకు కొత్త కాదు.
గాంధీ ఆస్పత్రి మెట్ల మీద
మా చెల్లెలు సుగంధి వేలికి తగిలించిన పెట్టె
ఎనభై నాలుగు చూపించిన రాత్రి
నేను దాని ముఖం చూడలేదు, వేలే చూశాను.
బతికింది.
ఇప్పటికీ మెట్ల మధ్యలో ఆగి
చెప్పు సర్దుకుంటున్నట్టు నటిస్తుంది.

మౌలాలి గుట్ట కింద మా ఇల్లు.
ఆ రాయి చల్లారేనాటికి
లోకంలో ఊపిరన్న మాట ఇంకా పుట్టలేదు.
దాని ముందు ఆగి ఆయాసపడటానికి
సుగంధికి సిగ్గు లేదు.

కాగితం మీద సున్నా రాశాను.
రిమార్కుల గడి తడిసి ముద్దయింది.
పోశాలు ఒడ్డుకి తిప్పలేదు.
తెడ్డుతో నీళ్లని కొట్టడం మొదలెట్టాడు,
ఊరికే, చప్పుడుగా, నురగలొచ్చేలా.
"రెండు గుక్కలన్న దొరకనీ మేడం,
పొద్దు పొడిచేదాక."